తుఫానప్పుడు గ్యాంగులు: ఫీడర్‌కొకటి ఉంచాలా, అందర్నీ ఒకచోట కలిపేయాలా?

మహేంద్రతనయ
అక్టోబరు వస్తోంది, అందుకే ఇప్పుడే అడుగుతున్నా. పర్లాకిమిడి వైపు ఒక కరెంటు సెక్షన్ అనుకోండి. ఒక జేఈ (జూనియర్ ఇంజనీర్), తొమ్మిది మంది లైన్‌మెన్, వాళ్లతో మూడు గ్యాంగులు. 33 కేవీని 11 కేవీకి తగ్గించే సబ్‌స్టేషన్ ఒకటి, దాని నుంచి ఊళ్ల వైపు వెళ్లే 11 కేవీ లైన్లు, అంటే ఫీడర్లు, నాలుగు. మామూలు రోజుల్లో ఎవరి ఏరియా వాళ్లదే, ఏ పేచీ లేదు. పెద్ద గాలివాన వస్తే మాత్రం రెండు మూడు రోజుల్లో బయటి నుంచి పదిహేను గ్యాంగులు దిగుతాయి. మనుషులు ఆరింతలవుతారు, పని రెండింతలు కూడా కదలదు. సగం మంది రోడ్డు పక్కన జేఈ ఫోన్ కోసం కూర్చుంటారు.

పై ఆఫీసు అంటుంది, హద్దులు తీసేసి అందర్నీ ఒకచోట పెట్టండి, ఎక్కడ పనుంటే అక్కడికి పంపండి అని. లైన్‌మెన్ అంటారు, మా ఫీడర్ మాకే వదిలేయండి అని. ఎవరి మాట వినాలి?

లైన్‌క్లియర్‌లింగం
ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపేశాం, పని చేసుకోండి అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి) ఎవరు తీసుకుంటారు, ఎవరు వాపస్ ఇస్తారు? అది తేలకుండా గ్యాంగుల గురించి మాట్లాడటం దండగ.

బరంపురం_బ్రేకర్
పై ఆఫీసుదే కరెక్టు. ఒక ఫీడర్‌లో నలభై పోల్స్ పడిపోయి, పక్క ఫీడర్‌లో మూడే పడ్డాయనుకోండి. ఫీడర్‌కొక గ్యాంగు అని కట్టేస్తే రెండో వాళ్లు మధ్యాహ్నానికి ముగించి చెట్టు కింద పడుకుంటారు, మొదటివాళ్లు వారం రోజులు ఈడుస్తారు. తుఫాను మీ ఏరియా హద్దులు చూసుకుని కొట్టదు కదా.

కాశీనగర్_కండక్టర్
బ్రేకర్ గారూ, కాగితం మీద బాగుంది. పొద్దున ఒక ఫీడర్, మధ్యాహ్నం ఇంకో ఫీడర్ అని తిప్పితే గ్యాంగు వ్యాన్‌లోనే బతుకుతుంది. చేతిలో ఉన్న ఎల్‌సీ వాపస్ ఇవ్వాలి, డిశ్చార్జ్ రాడ్లు (ఆపిన లైనుని ఎర్త్‌కి కలిపే కడ్డీలు) తీయాలి, తాళ్లు, పుల్లీలు, నిచ్చెనలు ఎక్కించాలి, చెట్లు పడ్డ రోడ్డు మీద పోవాలి, కొత్త చోట మళ్లీ ఎవరో చూపించాలి. రెండు మూడు గంటలు పోయినట్టే. రోజుకి రెండుసార్లు మారిస్తే ఆ రోజు పని సగమే.

(కండక్టర్ అంటే తీగ. బస్సు కాదు. ప్రతిసారీ చెప్పాల్సి వస్తోంది.)

గుణుపురం_గురుడు
టికెట్ టికెట్.

సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ
లింగం గారు అడిగినదానికి జవాబు రాస్తాను, ఎందుకంటే గ్యాంగులు ఎలా విడగొట్టినా చివరికి ఆ భారం సబ్‌స్టేషన్ టేబుల్ మీదే పడుతుంది.

ఒక ఫీడర్ మీద ఐదు గ్యాంగులు ఐదు ఎల్‌సీలు తీసుకున్నాయనుకోండి. నాలుగు వాపస్ వచ్చినా ఐదోది రాకపోతే ఫీడర్ చార్జ్ చేయలేం, అంటే కరెంటు వదల్లేం. అంటే అందరికన్నా నెమ్మదైన గ్యాంగు ఎప్పుడు దిగితే అప్పుడే ఊరికి కరెంటు. ఇంకో పది గ్యాంగులు తెచ్చి అదే ఫీడర్ మీద చల్లితే ఆ ఆఖరి వాపస్ ఇంకా ఆలస్యమవుతుంది, తొందర కాదు.

దీనికి మందు ఒకటే. గ్యాంగు హద్దు ఎక్కడ పెట్టాలో ఊరి పేరును బట్టి గానీ పంచాయతీని బట్టి గానీ చూడకండి. ఏబీ స్విచ్‌ని (లైనుని మధ్యలో విడదీసే, పోల్ మీది స్విచ్) బట్టి చూడండి. సబ్‌స్టేషన్ నుంచి మొదటి ఏబీ స్విచ్ దాకా ఒక ముక్క, అక్కడి నుంచి రెండో దాకా ఇంకో ముక్క. మొదటి ముక్క పూర్తయి అందులో ఉన్న వాళ్లంతా ఎల్‌సీ వాపస్ ఇచ్చాక, స్విచ్ తెరిచి తాళం వేసి, వెనక ముక్కలో ఎర్త్ ఉందని చూసుకుని, ముందు ముక్క చార్జ్ చేయొచ్చు. ఆసుపత్రి, మంచినీళ్ల పంపు, మొబైల్ టవర్ ఆ మొదటి ముక్కలో ఉంటే వాటికి ముందే కరెంటు వస్తుంది.

ఇంకొకటి. ఎవరికి ఎల్‌సీ ఇవ్వొచ్చో వాళ్ల పేర్ల జాబితా, ఫోన్ నంబర్లతో, సబ్‌స్టేషన్ గోడకి అంటించి ఉండాలి. జాబితాలో లేని సూపర్‌వైజర్ ఎంత పెద్ద గొంతుతో అడిగినా ఆపరేటర్ ఇవ్వకూడదు.

మహేంద్రతనయ
@సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ ఏబీ స్విచ్‌లు సగం తుప్పు పట్టి హ్యాండిల్ తిరగని స్థితిలో ఉంటే?

సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ
అప్పుడు ఎల్‌సీలో ఉండగానే ఆ పోల్ దగ్గర మూడు జంపర్లూ (రెండు వైపుల తీగల్ని కలిపే చిన్న తీగలు) విప్పి, విడిగా కట్టేసి, పోల్ నంబరు లాగ్‌బుక్‌లో రాయాలి. విప్పిన మనిషే మళ్లీ కలపాలి, లేదా చేతులు మారినట్టు రాసి ఉండాలి. అసలు సెప్టెంబరులోనే స్విచ్‌లకి గ్రీజు పెట్టించి ఒక్కొక్కటీ తెరిచి మూసి చూడండి, ఈ బాధ ఉండదు.

లైన్‌క్లియర్‌లింగం
నైట్‌డ్యూటీ చెప్పినదంతా సరే గానీ ఒకటి కలపాలి. ఫీడర్ ఆపేశాం కదా అని నమ్మి ఎక్కకూడదు. తుఫాను తర్వాత ప్రతి రైస్‌మిల్లులో, టవర్ దగ్గర, పెళ్లి ఇంట్లో జనరేటర్ నడుస్తుంది. చేంజోవర్ స్విచ్ లేకుండా మెయిన్‌కి కలిపితే ఎల్‌టీ (ఇళ్లకి వెళ్లే తక్కువ వోల్టేజి లైను) నుంచి ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా 11 కేవీ వైపు ఎదురు కరెంటు వస్తుంది. అందుకే టెస్టర్‌తో చూడాలి, పని చోటికి రెండు వైపులా డిశ్చార్జ్ రాడ్లు వేయాలి, ఎల్‌టీ మీద పనైతే అక్కడ కూడా తీగలన్నీ కలిపి ఎర్త్ చేయాలి. బయటి గ్యాంగుకి తెలియని ఇంకో ప్రమాదం క్రాసింగు. పైన దాటే లైను వేరే ఫీడర్‌ది కావచ్చు, 33 కేవీ కావచ్చు. మన ఎల్‌సీ దానికి వర్తించదు.

లెక్కలమాస్టారు
అడిగిన పాయింటు జేఈ ఫోన్ గురించి కదా. దానికి చిన్న లెక్క ఉంది.

ఒక్క ఫోనుకి సగటున 3 నిమిషాలు పడితే ఆయన గంటకి 20 ఫోన్లు తేల్చగలడు. గంటకి 10 వస్తే ఫోన్ చేసిన మనిషికి, ఎదురుచూపు మాట్లాడటం కలిపి, సగటున 6 నిమిషాలు. గంటకి 18 వస్తే అది 30 నిమిషాలు. ఫోన్లు రెండింతలు కూడా కాలేదు, ఆలస్యం ఐదింతలు. (ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే ఫోన్లకి వేసే మామూలు వరుస లెక్క ఇది.) గంటకి 30 వస్తే ఇక సగటు అనే మాటే లేదు, ప్రతి గంటకీ కనీసం పది మంది మిగిలిపోతూనే ఉంటారు.

జేఈ రెండు నిమిషాల్లో మాట్లాడటం నేర్చుకున్నా ఇది తీరదు. ఫోన్లు ఆయన దాకా రాకుండా చూడాలి.

రాయగడ_రమ
మాస్టారి లెక్క దగ్గరే నా పాయింటు. కలపాలా విడగొట్టాలా అనేది ఒకే ప్రశ్న అనుకుంటున్నారు. ఇక్కడ రెండు రకాల గ్యాంగులున్నాయి, రెండిటికీ ఒకే జవాబు పనికిరాదు. నా మాట ఏంటంటే, మీ సొంత గ్యాంగులు విడగొట్టండి, వచ్చిన గ్యాంగుల్ని విడగొట్టకండి.

బయటి గ్యాంగు దగ్గర చేతి పని ఉంది. ఎవరు పైకెక్కాలో, ఎవరు తాడు పట్టాలో వాళ్లకి వాళ్లకే తెలుసు. దాన్ని చీల్చి ఇద్దర్ని ఇటు ముగ్గుర్ని అటు పంపితే ఆ పొందిక పోతుంది. వాళ్లకి లేనిది ఒక్కటే, దారి. ఏ పోల్ ఏ ఫీడర్‌దో, స్విచ్ ఎక్కడుందో, క్రాసింగు ఎక్కడో. మీ లైన్‌మెన్ దగ్గర ఉన్నది సరిగ్గా అదే. తొమ్మిది మందిని మూడు గ్యాంగులుగా పోల్స్ ఎత్తడానికి పెడితే ఆ తెలివంతా మూడే చోట్ల ఖర్చవుతుంది.

లెక్క చూడండి. నాలుగు ఫీడర్లకి నలుగురు సీనియర్ లైన్‌మెన్ ఇన్‌చార్జులు. ఒక్కొక్కరికి తోడుగా ఇంకొకరు. మొత్తం ఎనిమిది మంది. పదిహేను గ్యాంగులు నాలుగు ఫీడర్లకి పంచితే ఫీడర్‌కి మూడు, నాలుగు. అంటే ఒక్కో లోకల్ మనిషి చేతిలో రెండు గ్యాంగులు. వాళ్ల తరఫున ఎల్‌సీ తీసుకునేది, వాపస్ ఇచ్చేది అతనే. తొమ్మిదో మనిషి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ పక్కన. మీ హెల్పర్లు బయటి గ్యాంగులతో నడుస్తారు.

ఇప్పుడు జేఈకి ఫోన్ చేసేవాళ్లు ఆరుగురే, నలుగురు ఇన్‌చార్జులు, సబ్‌స్టేషన్, స్టోరు. విపత్తుల్లో బృందాలు ఎలా కట్టాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో వాడే పద్ధతికి మూలం 1970లో కాలిఫోర్నియా అడవి మంటల తర్వాత కట్టిన ఏర్పాటు. ఒక మనిషి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, ఐదుగురైతే మేలు అన్నది అక్కడి నుంచే. అందరూ అందరితో మాట్లాడుకునేలా వదిలేస్తే 18 గ్యాంగులకి 153 జతలవుతాయి.

జనం ఫోన్లు వేరే మనిషికి. అతనికి లైను పని తెలియక్కర్లేదు, ఊరు పేరు, ఏం పడింది, తీగ కింద ఉందా అని ఒక పుస్తకంలో రాసుకుంటే చాలు. "తీగ కింద ఉంది" అన్నది మాత్రం వెంటనే సబ్‌స్టేషన్‌కి చెప్పాలి.

బరంపురం_బ్రేకర్
ఒప్పుకోను. సీనియర్ లైన్‌మన్ కింద బయటి జేఈ పనిచేస్తాడా? సాయంత్రానికి గొడవ.

రాయగడ_రమ
పని రెండుగా రాయండి. ఏ ముక్క ఎప్పుడు, ఎల్‌సీ ఎప్పుడు అనేది లోకల్ ఇన్‌చార్జ్ మాట. ఎవరు ఎక్కాలి, ఎప్పుడు ఆపాలి, తిండి, పడక, హాజరు బయటి జేఈ మాట. "వాన జోరుగా ఉంది, మావాళ్లు ఎక్కరు" అంటే దానికి తిరుగులేదు. మొదటి ఉదయమే ఇద్దరి ముందూ చదివి సంతకాలు పెట్టించండి. తర్వాత చెబితే అవమానంగా ఉంటుంది, ముందే చెబితే ఉండదు.

లైన్‌క్లియర్‌లింగం
ఒక మనిషి రెండు గ్యాంగుల తరఫున ఎల్‌సీ తీసుకోవడానికి ఒక షరతు. రెండూ అతను కాలినడకన చేరగలిగేంత దగ్గర ఉండాలి. వాపస్ ఇచ్చే ముందు రెండు చోట్లా తనే వెళ్లి మనుషుల్ని లెక్కపెట్టి, రాడ్లు తీయించాలి. "అయిపోయింది అన్నా" అని ఫోన్‌లో విని వాపస్ ఇవ్వడం కుదరదు. ఒడియా, తెలుగు, సవర మూడూ కలిసే చోట "దిగారు" "దిగుతున్నారు" ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి.

స్టోరుబాబు
ఎవరూ స్టోరు గురించి మాట్లాడరే. గ్యాంగులు కూర్చోవడానికి సగం కారణం సామాను.

ఏటవుతుందంటే, పదిహేను గ్యాంగుల వాళ్లూ పొద్దున ఒకేసారి ఇండెంటు (సామాను అడిగే కాగితం) పట్టుకుని గేటు దగ్గర నిలబడతారు. ఇన్సులేటర్లు ఎక్కుతాయి, పిన్నులు ఎక్కవు. అక్కడికెళ్లాక చూసుకుంటారు, మళ్లీ వ్యాను వెనక్కి.

ముందే సంచులు కట్టి పెట్టండి, పోల్‌కి ఒక సంచి. 11 కేవీ మామూలు పోల్ అయితే ఒక వీ క్రాస్ ఆర్మ్, ఒక టాప్ ఫిటింగ్, మూడు పిన్ ఇన్సులేటర్లు పిన్నులతో సహా, క్లాంపులు, బోల్టులు నట్లు, బైండింగ్ తీగ, ఎర్తింగ్ కాయిల్. కట్ పాయింట్లకి (తీగ ఆపి బిగించే పోల్స్), డీపీలకి (జంట పోల్స్) డిస్కు ఇన్సులేటర్లు ఉన్న వేరే సంచి, రంగు తాడు కట్టి గుర్తు. 34 తీగ, 55 తీగ (చదరపు మిల్లీమీటర్లలో మందం) డ్రమ్ములు పక్కపక్కన పెట్టొద్దు, చీకట్లో ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కుతుంది. రాత్రి ఎనిమిదికి ఇన్‌చార్జులు రేపటి సంచుల లెక్క చెబితే పొద్దున ఆరుకి వ్యాన్‌లో ఎక్కించేసి ఉంటాయి. ఇండెంటు కాగితం వెనక వస్తుంది, కొంప మునగదు.

గుణుపురం_గురుడు
ఆడిటు వచ్చినప్పుడు కొంప మునుగుద్ది బావు. పోల్ నంబరు సంచి మీద రాసి, ఫొటో తీసి పెట్టుకో.

స్టోరుబాబు
అదీ నిజమే. పోల్ నంబరు లేని సంచి గేటు దాటదు, అలా పెట్టుకుందాం.

కాశీనగర్_కండక్టర్
రమ గారి ప్లాన్‌లో గ్యాంగులన్నీ ఒకే రకం అన్నట్టుంది. అలా పెడితే పోల్ ఎత్తే గ్యాంగు పొద్దంతా చెట్లు నరుకుతుంది. ఫీడర్ లోపల పని వరుస కట్టాలి. ముందు బైకు మీద ఇద్దరు లైను వెంట తిరిగి, పోల్ నంబర్ల ప్రకారం ఏం విరిగిందో రాయాలి. ఆ జాబితా లేకుండా ఫోన్లను బట్టి పంపితే గ్యాంగు ఊరికీ ఊరికీ మధ్య ఊగులాడుతుంది. తర్వాత రంపం వాళ్లు. వాళ్ల వెనక గోతులు తీసి పోల్ నిలబెట్టేవాళ్లు. వాళ్ల వెనక తీగ లాగేవాళ్లు. 9 మీటర్ల పోల్‌కి గొయ్యి 1.5 మీటర్లు, తొందరలో మూడడుగులతో సరిపెడితే తీగ బిగించగానే వాలుతుంది, పని రెండుసార్లు. నాలుగు గ్యాంగులుంటే ఒకటి చెట్లకి, రెండు పోల్స్‌కి, ఒకటి తీగకి అని మొదలుపెట్టండి. సాయంత్రం చూసుకోండి, ఎవరి ముందు పని పేరుకుంది, ఎవరు ఖాళీగా నిలబడ్డారు. మర్నాడు దాన్ని బట్టి మార్చండి.

గుణుపురం_గురుడు
మైదానంలో అయితే ఆ వరుస సరే. కొండ మీద లెక్క వేరు. మోహన, ఆర్.ఉదయగిరి వైపు రాతి నేల, గొయ్యికి రాయి పగలగొట్టే యంత్రం కావాలి, పోల్ మోసుకెళ్లాలి. పీఎస్‌సీ (సిమెంటు) పోల్ వందల కిలోల బరువు, క్రేను రాని చోట పది పన్నెండు మంది భుజాలు కావాలి. అక్కడ రెండు చిన్న గ్యాంగుల్ని నిజంగానే కలిపేయాలి, విడిగా ఉంచితే రెండూ పోల్ ఎత్తలేవు. యంత్రం వెళ్లే రోడ్డు పక్కన నలుగురైదుగురు చాలు. అంటే గ్యాంగు సైజు నేలను బట్టి.

బరంపురం_బ్రేకర్
సరే, ఒక మెట్టు దిగుతా. ఫీడర్ గుంపులు ఉంచండి. అయితే గుంపుల మధ్య గ్యాంగులు మారకూడదు అంటే మాత్రం మళ్లీ నా మొదటి పోస్టు దగ్గరికే వస్తాం.

రాయగడ_రమ
మారాలి, కానీ రోజుకి ఒక్కసారే, సాయంత్రం ఏడింటికి. నలుగురు ఇన్‌చార్జులు మిగిలిన పోల్స్, మిగిలిన తీగ ఎంతో చెబుతారు, జేఈ పంచుతాడు. కండక్టర్ గారు చెప్పిన రెండు మూడు గంటల నష్టం అప్పుడు రాత్రిలో కలిసిపోతుంది. పగటి పూట మార్చేది ఆసుపత్రి, నీళ్ల పంపు, మనిషి ప్రాణం అయితేనే.

లెక్కలమాస్టారు
కాంట్రాక్టు గ్యాంగులకి డబ్బు పోల్ లెక్కనా, రోజు కూలీనా? నిర్మాణం ఎంత బాగా రాసుకున్నా డబ్బు వేరే దారి చూపిస్తే అటే పోతుంది.

కాశీనగర్_కండక్టర్
పోల్ లెక్క ఇస్తే రోడ్డు పక్క మెత్తటి నేల పోల్స్ అన్నీ మొదటి రోజే లేస్తాయి, చేలో దిగినవి, కొండెక్కినవి చివరి దాకా అలాగే ఉంటాయి. రోజు కూలీ ఇస్తే ఎవరికీ తొందర ఉండదు. చార్జ్ అయిన ముక్కకి ఇవ్వండి. ముక్క అంటే స్విచ్ నుంచి స్విచ్. అందులో కష్టమైన పోల్ ఒక్కటి మిగిలినా బిల్లు లేదు.

బరంపురం_బ్రేకర్
స్టోరులో పోల్స్ అయిపోయి ముక్క ఆగితే ఆ గ్యాంగు పస్తులుండాలా?

కాశీనగర్_కండక్టర్
సామాను లేక ఆగిన గంటలకి రోజు కూలీ. స్టోరుబాబు సంతకంతో.

స్టోరుబాబు
అన్నీ నా నెత్తినే.

గాలివాటం
కొత్తగా చేరాను. ఒక సందేహం. లోకల్ లైన్‌మన్‌నే ఇన్‌చార్జ్ పెడితే అతని ఊరివాళ్లు ముందు మా వీధి అంటూ చుట్టుముడతారు కదా?

సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ
చుట్టుముడతారు. రోజూ వాళ్ల మధ్య బతికేవాడు కాదనలేడు. అందుకని ఇన్‌చార్జ్‌ని సొంత ఊరు లేని ఫీడర్‌లో పెట్టండి, పాత రోజుల్లో పనిచేసిన ఫీడర్ అయితే దారి తెలిసే ఉంటుంది. గ్యాంగుతో పాటు పంచాయతీ మనిషి ఒకడిని తిప్పండి, జనంతో మాట్లాడే పని అతనిది. వరుస కాగితం కూడా పంచాయతీ ఆఫీసులో అంటించండి. 33 కేవీ, సబ్‌స్టేషన్, 11 కేవీ మెయిన్, ఆసుపత్రి నీళ్లు, తర్వాత బ్రాంచి లైన్లు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు, ఎల్‌టీ, చివర ఇళ్ల సర్వీసులు. మెయిన్ లేకుండా మీ వీధి తీగ కట్టినా బల్బు వెలగదని కాగితం చూపిస్తే చాలామంది ఊరుకుంటారు.

గుణుపురం_గురుడు
ఇంకో మాట. పక్క సెక్షన్లతో, శ్రీకాకుళం వైపు వాళ్లతో మాట్లాడుకున్నాం, వాళ్లు వస్తారు అని ప్లాన్లు రాసుకుంటారు. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. గజపతి, గంజాం, శ్రీకాకుళం అన్నీ ఒకేసారి దెబ్బతిన్నాయి. పక్కింటికే నిప్పంటుకుంటే బిందె ఎవరిస్తారు? సాయం ఒప్పందం దూరం జిల్లాలతో ఉండాలి. 2013లో ఫైలిన్ గోపాల్పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర, రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి. దెబ్బ తగిలే చోటు మారుతుంది, ఈ మూడింటికీ నెల మాత్రం అదే.

గాలివాటం
మరి ఏప్రిల్, మే గాలివానలకి కూడా ఇదే పద్ధతా?

కాశీనగర్_కండక్టర్
వద్దు వద్దు. కాలబైశాఖి ఒక గంట కొట్టి పోతుంది, నాలుగు చెట్లు, రెండు జంపర్లు. దానికి గ్యాంగులు విడగొట్టి మళ్లీ కట్టేలోపు పని అయిపోతుంది. పక్క సెక్షన్ నుంచి ఒక గ్యాంగుని అరువు అడగండి, చాలు. పోల్స్ మామూలుగా వారంలో వేసేటన్ని ఒక్క రోజులో పడ్డప్పుడే రమ గారి పద్ధతి తీయండి.

రాయగడ_రమ
అవును. ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నట్టే ఎప్పుడు ఆపాలి అన్నది కూడా రాసి పెట్టుకోవాలి. 11 కేవీ అంతా చార్జ్ కాగానే పై ఆఫీసు దృష్టిలో పని అయిపోతుంది, బయటి గ్యాంగులు వెళ్లిపోతాయి. సరిగ్గా అప్పుడే ఇళ్ల ఫిర్యాదులు పెరుగుతాయి, లైను మీద కరెంటు ఉంది, మా ఇంట్లో లేదు అని. తెగిన సర్వీసు తీగలు, కాలిన ఫ్యూజులు, ఒక ఫేజు లేకపోవడం. చిన్న చిన్న పనులు, చాలా ఎక్కువ, ఊరంతా చెదిరి ఉంటాయి. దానికి ఫీడర్ గుంపులు పనికిరావు, ఇద్దరిద్దరు నిచ్చెనతో వీధులు పంచుకోవాలి. కాబట్టి మెయిన్ లైన్లు పూర్తయిన సాయంత్రమే మీ లైన్‌మెన్ మళ్లీ ఎవరి ఏరియాకి వాళ్లు. బయటివాళ్లలో రెండు మూడు గ్యాంగుల్ని ఇంకో నాలుగు రోజులు ఆపమని ముందే అడిగి పెట్టుకోండి, వ్యాన్లు ఎక్కాక అడిగితే ఆగరు.

లైన్‌క్లియర్‌లింగం
నిద్ర ఎవరూ రాయలేదు. సబ్‌స్టేషన్‌లో, జేఈ కుర్చీలో ఇద్దరు ఉండాలి, పన్నెండు గంటలకి ఒకసారి మారాలి. మారేటప్పుడు తెరిచి ఉన్న ఎల్‌సీలు ఒక్కొక్కటీ చదివి అప్పగించాలి. రెండు రాత్రులు నిద్రలేని మనిషి ఇచ్చే చార్జ్ ఆర్డర్ మీద నాకు నమ్మకం లేదు. పొద్దు గుంకాక 11 కేవీ పోల్ ఎక్కడం బంద్.

మహేంద్రతనయ
ఒక జేఈనే ఉన్నాడు, రెండో మనిషి ఎక్కడి నుంచి?

లైన్‌క్లియర్‌లింగం
బయటి నుంచి వచ్చిన జేఈల్లో ఒకరిని రాత్రికి కూర్చోబెట్టండి. రాత్రి కొత్త ఎల్‌సీలు ఉండవు కాబట్టి ఊరు తెలియకపోయినా నడుస్తుంది.

మహేంద్రతనయ
సరే, ఇలా రాసుకున్నా. తొమ్మిది మందిని ఫీడర్లకి ఇద్దరిద్దరు, సబ్‌స్టేషన్‌కి ఒకరు. ముక్కలు ఏబీ స్విచ్ ప్రకారం. ఎల్‌సీ పేర్ల జాబితా. సాయంత్రం ఏడింటికి పంపకం, ఎనిమిదికి స్టోరుకి లెక్క. జనం ఫోన్లకి ఆఫీసు క్లర్కు. పోల్ నంబర్లు చెరిగిపోయినవి చాలా ఉన్నాయి, ఈ నెలలో పెయింట్ వేయించాలి.

సబ్‌స్టేషన్_నైట్‌డ్యూటీ
నంబర్లు సబ్‌స్టేషన్ వైపు నుంచి వేయించండి, బ్రాంచికి వేరే అక్షరం పెట్టండి. చివరి నుంచి వెనక్కి వేస్తే లైను పొడిగించినప్పుడు అన్నీ మారిపోతాయి. జాబితా ఒడియాలో కూడా ఒక కాపీ అంటించండి, కటక్ నుంచి వచ్చేవాళ్లు తెలుగు చదవలేరు.

స్టోరుబాబు
పెయింట్ ఇండెంటు రేపే పంపండి. నలుపు ఉంది, పసుపు లేదు.